రెండు కొండల నడుమ సూర్యుడు

కోనసీమలో గోదావరి పాయకును సముద్రమునకును నడుమ, ఏ దిక్కునకు తిరిగి చూచినను కొబ్బరితలలే తప్ప కొండ అన్నది కానరాని యొక పల్లెలో, ప్రాథమిక పాఠశాల మూడవ తరగతి పిల్లలకు ఒకనాడు నేను తలకొక తెల్లకాగితము పంచి, "మీకిష్టమైన బొమ్మ వేయండర్రా" అని చెప్పి అరుగుమీద కూర్చుంటిని. అరగంట గడచిన పిమ్మట 31 కాగితములు నా చేతికి వచ్చినవి. వానిలో 23 కాగితములయందు రెండు కొండలు, ఆ కొండల నడుమ దువ్వెనపండ్లవంటి కిరణములతో అరసూర్యుడు, సందులోనుండి మెలికలు తిరుగుచు దిగివచ్చు నొక యేరు, ఏటియొడ్డున త్రికోణపు కప్పు గల యిల్లు, ఇంటిప్రక్క నొక కొబ్బరిచెట్టు, ఆకాశమున పండుకొన్న మూడంకెలవంటి పక్షులు. చేతులు ఇరువదిమూడు, చిత్రము ఒక్కటే.

"మీలో కొండ చూసినవాళ్లెవరర్రా?" అని అడిగితిని. రెండు చేతులు లేచినవి. ఒకడు అన్నవరము వ్రతమునకును, ఇంకొకడు తిరుపతి మొక్కునకును పోయివచ్చినవారు. "అక్కడ కొండల మధ్యనుంచే వచ్చాడా సూర్యుడు?" అంటిని. "ఏమోనండీ, బస్సులో నిద్రపోయానండి" అని తిరుపతి పోయివచ్చినవాడు నిజము చెప్పెను. "మరి మన ఊళ్ళో ఎక్కడనుంచి వస్తాడు?" అనగా కొంతసేపు ఎవరును నోరు విప్పలేదు. రామాలయము వెనుకనుండి యని ఒకరు, మా పాకమీదనుండి యని ఒకరు మెల్లగా మొదలుపెట్టిరి. అప్పుడు చివరి వరుసలో కూర్చున్న యొక చిన్నది, గౌను అంచు వ్రేలికి చుట్టుకొనుచు, "మా రొయ్యల చెరువు కాడైతే ఇద్దరు సూర్యుళ్లుంటారండి. పైనొకడు, నీళ్లల్లో ఒకడు. ఏరియేటరు తిరిగితే కిందోడు ముక్కలు ముక్కలైపోతాడండి" అనెను.

ఆ పిల్ల కాగితమునందును రెండు కొండలే యుండెను.

ఈ అధ్యాయమంతయు ఆ పిల్ల నోటికిని ఆ పిల్ల కాగితమునకును మధ్యనున్న దూరమును గూర్చినది. ఆ కొండలు ఎచటినుండి వచ్చినవి? పలకమీద 'ఇ' దిద్దునాడు వాచకములో 'ఇల్లు' అని యొక పెంకుటిల్లు కనబడినది. స్లాబు కప్పిన యింట పుట్టి పెరుగుచున్న బిడ్డయు నాటినుండి ఇల్లనగా త్రికోణమే యని యెంచుకొనును. 'ఋ'కు ఋషి యెదురైనాడు. గడ్డము లేనివాడు ఋషి కాజాలడని తేలిపోయినది. పెన్సిలు డబ్బా మూతమీద కొండలు, బడి ప్రహరీగోడమీద కొండలు, అన్న డ్రాయింగు పుస్తకములో కొండలు. ఆపైన డ్రాయింగు పీరియడులో మాస్టారు నల్లబల్లమీద కొండలు గీచి "చూసి వేయండి" అనును; చూచి వేయుట యనగా చెరువును కాక నల్లబల్లను చూచి వేయుట యని పిల్లవాడు గ్రహించును. వాడు మంచి విద్యార్థి గనుకనే రెండు కొండలు వేయుచున్నాడు. అతని కన్ను తెరచుకొనునప్పటికే ఆ కన్నులో ఎవరిదో బొమ్మ కాపురము పెట్టినది. కావున పిల్లలకు బొమ్మ వేయుట నేర్పుటయు, తమ చుట్టునున్న బొమ్మలను ఎరుకతో చూచుట నేర్పుటయు వేర్వేరు పాఠములని నేననుకొనను. మొదటిది డ్రాయింగు మాస్టారి పని, రెండవది పెద్దయి పత్రికలు చదువునాటి పని అని విడదీసినచోటనే చిక్కు మొదలగుచున్నది.

ఇందుకు మనకున్న కాలము స్వల్పము. రెండేండ్ల బిడ్డ చేత బలపము చిక్కినచో గోడ నిండ గీకును. ఆ గీకుడులో బొమ్మ లేదు, చేయి కదలిన ఆనందము మాత్రమే కలదు. నాలుగేండ్లకు ఆ గీతలు చుట్టుకొని తలయగును, ఆ తలకు తిన్నగ రెండు కాళ్లు మొలచును. కప్పపిల్లవంటి ఆ మనిషిని చూచి తల్లులు నవ్వుదురు గాని, వాడు లోకమంతట నొక్కతీరుననే పుట్టుచుండును. ఏడేండ్లకు కాగితమడుగున నేలగీత యొకటి వచ్చి, మనుష్యులు, చెట్లు, కోళ్లు దానిమీద వరుసగ నిలబడును. వియన్నా నగరమున 1897 లో ఫ్రాంజ్ చిజెక్ అను చిత్రకారుడు బాలలకై చిత్రకళాతరగతి నెలకొల్పి, పిల్లల బొమ్మకు తనదైన వ్యాకరణము కలదని లోకమునకు చాటెను. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో అధ్యాపకుడైన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947 లో ప్రకటించిన గ్రంథమున ఈ దశలను క్రమముగ నిరూపించెను. ఉపాధ్యాయుడు ఆ గ్రంథము చదివినను చదువకున్నను తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు: తొమ్మిది పదేండ్ల ప్రాయమున పిల్లవాడు తన బొమ్మను తానే పరీక్షింప నారంభించి, గుఱ్ఱము గుఱ్ఱమువలె రాలేదని కాగితము నలిపివేసి, "నాకు రాదండి" అనును. ఆ మాట అన్నవారిలో పెక్కుమంది జీవితమున మరల బొమ్మ వేయరు. మన ప్రాథమిక పాఠశాల సరిగా అచటనే ముగియుచున్నది.

ఆ ప్రాయమునకు ముందు వచ్చు 'తప్పులను' దిద్దకుడు. పిల్లవాడు ఇంటిని గీచి, గోడ అడ్డము రానట్లు లోపలి మంచమును, మంచముమీది తాతను, పొయ్యిమీది చట్టిని కూడ చూపును. ఇంటికంటె అమ్మమ్మను పెద్దదిగ వేయును. వరంగల్లునుండి హైదరాబాదునకు పోవు త్రోవకు ఉత్తరముగ నున్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు తరతరములుగ ఎఱ్ఱని నేపథ్యముమీద కథాపటములు వ్రాయుచున్నారు గదా, వారును మేడ ముందుగోడ తీసివేసి లోపలి కొలువును చూపుదురు. కథలో ముఖ్యుడైనవానిని పెద్దదిగ వ్రాయుదురు. ఆ పని వారు చేసిన సంప్రదాయమనియు, రెండవ తరగతి కుఱ్ఱవాడు చేసిన తెలియనితనమనియు అనుట న్యాయమా? నా మూడవ తరగతిలో నేను కాకిని వేసి, దానికి రెండు కన్నులుండునని యెరిగినవాడను గనుక, రెండింటిని ఒక ప్రక్కనే పెట్టితిని. మాస్టారు రబ్బరుతో ఒక కన్ను చెరిపి, ముక్కు సవరించి, తోక తానే వేసి, "ఇప్పుడు కాకిలా ఉంది" అని పదికి ఏడు మార్కులు వేసెను. ఆయన మంచివాడు, కాని ఆ కాకి నేటికిని నాది కాదు. పిల్లవాని కాగితముమీద మీ పెన్సిలు పెట్టకుడు. చూపి తీరవలసినచో వేరొక కాగితముమీద చూపి, ఆ కాగితమును చింపివేయుడు.

ఇక పాఠము ఎట్లు చెప్పవలెనో చెప్పెదను. మొదటి మాసము కాగితము జోలికి పోకుండుట మేలు. పాఠశాల ఆవరణములందు తరచుగ బాదముచెట్టు ఉండును. దానినుండి రాలిన ఆకులలో పిల్లలను తలకొకటి యేరుకొని రమ్మనుడు. ఐదు నిమిషములు మాట లేకుండ ఆ ఆకును చూడుమనుడు. మొదట వారు నవ్వుదురు, ప్రక్కవాని మోచేతిని పొడుతురు, మూడవ నిమిషమునకు సర్దుకొందురు. అటు తరువాత ఆకులన్నిటిని నడుమ కుప్పగా పోసి కలియబెట్టి, ఎవరి ఆకును వారు వెదకి తీసికొనుడని చెప్పుడు. నేనీ పని చేయించినప్పుడు తమ ఆకును పోల్చుకొనలేనివారు ఒకరిద్దరే మిగిలిరి. ఒకడు పురుగు కొరికిన చిల్లుతో గుర్తుపట్టెను. ఒక పిల్ల ఎరుపు పసుపులోనికి దిగిన వంకరగీతతో. ఇంకొకడు అంచు మడతలో సాలెపురుగు పెట్టిన తెల్లని గూడుతో. అప్పుడు కాగితములిచ్చి ఆకును వేయుమంటిని. ఇతర దినములలో ఆకనగా కోడిగ్రుడ్డు గీచి నడుమ నొక ఈనె వేయువారు ఆనాడు చిల్లును మొదట వేసి, ఆ చిల్లు చుట్టు ఆకును కట్టిరి.

రంగును గూర్చి చెప్పునప్పుడు మన భాషయే యొక పాఠము. తెలుగున పచ్చ యనుమాట పసుపునకును చెల్లును, ఆకునకును చెల్లును. పచ్చని ఛాయ యన్నప్పుడొకటి, పచ్చిక పచ్చన యన్నప్పుడొకటి. దీనిని లోపముగా తలచి జాలిపడనక్కరలేదు. పిల్లలకు ఆటగా మార్చవచ్చును. ఆవరణములో ఎన్ని పచ్చలున్నవో లెక్కించి పేరు పెట్టుడని యనుడు: చిలకపచ్చ, నాచుపచ్చ, లేతమామిడి చిగురు, ముదురు గోరింటాకు, పాతబడిన పంపుచుట్టునున్న పాచిరంగు. క్రేయాన్ల డబ్బాలో రెండే పచ్చలున్నవని వారే ఫిర్యాదు చేయుదురు. ఆ ఫిర్యాదు వచ్చిన దినమున రంగు తయారుచేయుటకు వంటయింటిని ఆశ్రయింపవలెను. పసుపు నీటితో కాగితమును పూసి ఆరనిచ్చి, సున్నపుతేటలో ముంచిన చీపురుపుల్లతో దానిపై గీచినచో, ఎచటనుండియో ఎఱ్ఱని గీత పుట్టుకొనివచ్చును. దానిమీద చింతపండు రసము రాచినచో మరల పసుపు పచ్చబడును. మందారపు రేకును కాగితముమీద నలిపినచో ఊదా నీలముల నడిమి రంగొకటి దిగును, నిమ్మచుక్క తగిలినచో గులాబిరంగునకు తిరుగును. బచ్చలిపండ్ల సిరా సంగతి పిల్లలు మీకంటె బాగుగ నెరుగుదురు. వారి చొక్కాలే సాక్ష్యము. ఎఱ్ఱమన్ను, బొగ్గు, జాజు ఎల్లచోట్ల దొరకును. (చొక్కా మరకలనుగూర్చి తల్లులతో ముందుగనే మాటాడుకొనుట ఉత్తమము.)

బొమ్మ పూర్తియైన పిమ్మట మీరేమి యనవలెను? "ఏమిటిది?" అనకుడు, వేసినవానికి అది స్పష్టముగనే యున్నది, మీకు తెలియకపోవుట వానిని కృంగదీయును. "బాగుంది" యనియు తొందరపడకుడు. ఆ మాట రోజుకు నలుబదిసార్లు చెల్లు నాణెమై అరిగిపోయినది. "ఇక్కడ ఏం జరుగుతోందో చెప్పు" అని కూర్చుండుడు. వాడు చెప్పుచుండగా మరచిన సంగతులు జ్ఞప్తికి వచ్చి పెన్సిలు మరల తీసికొనును. మార్కుల మాట వలదు. ఈ పీరియడును శనివారము సాయంత్రము చిట్టచివర నుంచి, వాన వచ్చినచో రద్దుచేయు పద్ధతియు మానవలెను.

అనుకరణమంతయు దోషమా యని ఎవరైన ప్రశ్నింపవచ్చును. నేనట్లు చెప్పలేదు. తెల్లవారుజామున వాకిట చుక్కలు పెట్టి ముగ్గు వేయు మనుమరాలు అవ్వను అనుకరించియే నేర్చినది. శ్రీకాళహస్తిలో కలము పట్టి బట్టపై వ్రాయు శిష్యుడు గురువు గీతమీదనే చేయి త్రిప్పి నేర్చినాడు. కాని ఆ మనుమరాలిని పట్టుకొని ఏడు చుక్కలకు బదులు తొమ్మిది పెట్టినచో మెలిక ఎట్లు తిరుగునో అడిగి చూడుడు. క్షణము నిలిచి, గాలిలో వ్రేలు త్రిప్పి, చెప్పగలదు. మెలిక లోపలి లెక్క దానికి తెలియును. రెండు కొండలు వేసినవానిని ఏరు అటుప్రక్కనుండి ఏల రాలేదని అడిగినచో వాడు చెప్పజాలడు. బడి ఆవరణలో ముగ్గుపిండితో ఒక పూట మగపిల్లలచే కూడ చుక్కలముగ్గు వేయించుడు. మొదట సిగ్గుపడినవారే పిమ్మట చుక్కలకై పోట్లాడుదురు.

వాచకమందలి బొమ్మ గ్రుడ్డిదిగనే యుండవలెనన్న నియమము లేదు. శాంతినికేతనమున 1919 లో వెలసిన కళాభవనమునకు ఆచార్యుడైన నందలాల్ బోసు, రవీంద్రుడు వంగశిశువులకై వ్రాసిన 'సహజ పాఠ్' వాచకమునకు 1930 లో నలుపు తెలుపుల బొమ్మలు వేసెను. అవి వంగదేశపు పల్లెను చూచి వేసినవి, వానిని చూచిన బిడ్డ పుస్తకము మూసి వాకిటికి పోయినను అదే లోకము కనబడును. మన రాజమహేంద్రవరమున దామెర్ల రామారావులోని కళను పసిగట్టి, ప్రోత్సహించి, బొంబాయి జె.జె. కళాశాలకు దారి చూపినవాడు స్థానిక కళాశాలాధ్యక్షుడును తానే చిత్రకారుడును అయిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర. అడివి బాపిరాజును ఆయన శిష్యుడే. 1897 లో పుట్టి 1925 లో, ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే, గతించిన రామారావు చిత్రములు నేటికిని ఆ యూరి చిత్రశాలలో కలవు. గోదావరి జిల్లాల ఉపాధ్యాయులు పిల్లలను అచటికి కొనిపోవునప్పుడు అన్ని గదులు త్రిప్పి అలసట కలిగింపక, ఒక్క చిత్రము ముందు నేలమీద కూర్చుండబెట్టి, "ఇందులో గాలి ఏ వైపునుంచి వీస్తోంది?" వంటి ప్రశ్న యొకటి వేసి, పావుగంట మౌనము వహించినచో చాలును.

ఇప్పుడు కన్ను కొంత స్వతంత్రమైనది గనుక ఇతరుల బొమ్మలవైపు త్రిప్పవచ్చును. ఒక అట్టముక్క నడుమ అగ్గిపెట్టె యంత కిటికీ కోయించి, దానినుండి బడిని చూడుమనుడు. ఒకడు కిటికీలో పూలమడిని పట్టును. బారెడు జరిగి అదే పిల్లవాడు మధ్యాహ్నభోజనపు పళ్లెములు కడిగిన మురికిగుంటను పట్టును. రెండును మన బడియే. "బడి బాగుందని ఉత్తరం రాయాలంటే ఏ బొమ్మ పంపుతావు? బాగులేదని రాయాలంటే ఏది పంపుతావు?" అని యడిగినప్పుడు నాలుగవ తరగతి పిల్లల ముఖములలో ఒక కొంటెతనము మెఱయును, లోకములో ప్రతి ఫొటో వెనుకను ఇట్టి యొక అట్టముక్క కలదని వారికి మరి చెప్పనక్కరలేదు.

ఒకనాడు బిస్కెట్టు పొట్లమొకటి తరగతికి తెచ్చితిని. పైని బొమ్మలో పాలధార కిరీటమువలె ఎగయుచుండెను, మూడు నిండు జీడిపప్పులు మెఱయుచుండెను. పొట్లము విప్పి అసలు బిస్కెట్టును బొమ్మమీద నుంచగా అది బొమ్మలో సగము మేరకే వచ్చెను. కొలబద్ద పట్టుకొని కొలిచినవాడు ముందు తన కొలతనే నమ్మలేదు. జీడిపప్పునకై విరిచి వెదకగా గోధుమరంగు నలుసు లొకటి రెండు కనబడినవి. "మరి పాలేవండీ?" అని యొకతె అడిగెను. అంతటితో పాఠమైనది, నేను అధికముగ మాటాడినచో అది నా పాఠమగును. ముక్కలను పంచుకొని తినిరి. రుచిగనే యుండెనని యందరును ఒప్పుకొనిరి. బొమ్మలోని అతిశయోక్తిని కనిపెట్టినంతమాత్రమున బిస్కెట్టును ద్వేషింపనక్కరలేదు గదా!

దేవతల క్యాలెండరులతో మరింత సుకుమారముగ ప్రవర్తింపవలెను. ఇండ్లనుండి సరస్వతి బొమ్మలు తెమ్మనగా వచ్చినవన్నియు ఒకే పోలికగ నుండును. రాజా రవివర్మ (1848–1906) యను చిత్రకారుడుండెననియు, బొంబాయిలో 1894 లో ఆయన శిలాముద్రణాలయము పెట్టి దేవతాచిత్రములను వేలకొలది అచ్చువేయగా అవి పూజాగదులలో ప్రవేశించినవనియు, నేటి క్యాలెండరు సరస్వతులు పెక్కు ఆ వంశమువారేయనియు చెప్పితిని. "ఆయన అమ్మవారిని చూశాడాండీ?" అని వచ్చిన ప్రశ్నకు నేను బదులు చెప్పక, "మీకైతే ఎలా కనపడుతుంది?" అంటిని. ఒక పిల్ల వేసిన సరస్వతి కళ్లజోడు పెట్టుకొని, చంకలో హాజరుపట్టీ పెట్టుకొని, కాలికి చెప్పులతో నుండెను. వారి టీచరుగారి పోలిక. కృష్ణుని వేయుమన్నచో మాత్రము ఈ తరము పిల్లలును 1957 నాటి 'మాయాబజార్' చిత్రమందలి ఎన్.టి. రామారావునే వేయుదురు, తాము ఆ చిత్రమును చూడకున్నను.

మాట బొమ్మను ఎట్లు వంచునో చూపుటకు పాత 'చందమామ' సంచికలంత మంచి సాధనము నాకు వేరొకటి దొరకలేదు. 1947 జూలైలో మదరాసున మొదలైన ఆ పత్రిక ఎన్నో యేండ్లు ఫొటో వ్యాఖ్యల పోటీ నడిపెను: సంబంధము లేని రెండు ఫొటోలు వేసి, ఒకదానితో నొకటి జతపడునట్లు చిన్న వ్యాఖ్యలు వ్రాసి పంపుమని పాఠకులను కోరెడివారు. దానిని తరగతిలో కొంచెము త్రిప్పి ఆడవచ్చును. వానలో తడియుచు నోరు తెరచి పైకి చూచు ముసలివాని ఫొటో యొకటి గోడకంటించి, సగము తరగతికి "పొలం తడిసింది" అను వ్యాఖ్యయు, తక్కిన సగమునకు "కప్పు ఎగిరిపోయింది" అను వ్యాఖ్యయు ఇచ్చి, ఆ ముసలివాని ముఖమెట్లున్నదో వ్రాయుమనుడు. ఒకరు నవ్వు చూచినారు, ఒకరు ఏడుపు చూచినారు. రెండు పక్షములును పోట్లాటకు దిగి గోడదగ్గరకు పోయి మరల చూచి, ఆపైన మౌనముగ నిలబడిరి. సెల్‌ఫోనులో తండ్రికి రోజును వచ్చు బొమ్మల సంగతి ఆ మౌనము తరువాతనే యెత్తవలెను. ఆ బొమ్మ ఎప్పటిది, ఏ యూరిది, క్రింది మాట ఎవరు చేర్చినారు అని పిల్లలే ఇంటికి పోయి అడుగుదురు. కొందరు తండ్రులకు ఇది రుచింపదు. మీకు ఒకటి రెండు ఫోనులు వచ్చును, ఓర్చుకొనుడు.

మొదట చెప్పిన బడికి రెండేండ్లకు మరల పోయినప్పుడు, ఆ మూడవ తరగతి ఐదవ తరగతియై వీడ్కోలునకు సిద్ధముగ నుండెను. ఉదయమున ఆవరణలో తీసిన వారి గ్రూపుఫొటో అచ్చయి వచ్చియుండెను. దానిని బల్లమీద పరచి, "ఇందులో ఎవరు లేరో చెప్పండి" అంటిని. ఆనాడు జ్వరముతో రాని పిల్లవానిని చెప్పిరి. వంటచేయు ఆయమ్మను చెప్పిరి. గేటు దగ్గర పడుకొను కుక్కను చెప్పిరి. ఫొటో తీసినాయన యని ఒకడు కేకవేయగా అందరును చప్పట్లు కొట్టిరి. రొయ్యల చెరువు పిల్ల మాత్రము చప్పట్లు కొట్టక, ముందుకు వంగి, ఫొటో అడుగుభాగమున వ్రేలు పెట్టి, "ఆయన ఉన్నాడండి" అనెను. చూచితిమి. ముందువరుసలో బాసిపట్లు వేసికొని కూర్చున్న పిల్లల మోకాళ్లకు బెత్తెడు ఇవతల, ఎండబడిన నేలమీద, రెండు మోచేతులు పైకెత్తిన యొక తలనీడ పడియుండెను.